మనుషుల్ని చెరిపేసే జాబితాలు

2015 మొదట్లో మయన్మార్‌లో ఫేస్‌బుక్ వాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళు పెట్టే బర్మీస్ పోస్టులు చదివి, ఇందులో విషం ఉందని చెప్పగలిగినవాళ్ళు ఆ కంపెనీ దగ్గర ఇద్దరే ఇద్దరు. 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టేసరికి జరగరానిదంతా జరిగిపోయింది. 2017 ఆగస్టు 25న, ఆ దేశంలో ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాల సాయుధ ముఠా ఒకటి పోలీసు ఔట్‌పోస్టులపై దాడి చేసింది. దాన్ని సాకుగా తీసుకుని మయన్మార్ సైన్యం రఖైన్ రాష్ట్రంలో ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది. మొదటి నెలలోనే కనీసం 6,700 మంది రోహింగ్యాలు హింసకు బలయ్యారని, వారిలో ఐదేళ్ళలోపు పిల్లలే 730 మంది అని ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) బృందాలు అంచనా వేశాయి. ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో తలదాచుకున్నారు.

ఇద్దరు పరిశీలకులకూ, కాలిపోయిన వందలాది ఊళ్ళకూ మధ్య నేరుగా గీత గీయడం న్యాయం కాదు. ఫేస్‌బుక్ లేకపోయినా ఆ సైన్యం దగ్గర తుపాకులున్నాయి, దశాబ్దాలుగా పెంచి పోషించిన ద్వేషమూ ఉంది. అయినా, ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం అధ్యక్షుడు మర్జుకీ దారుస్మాన్ 2018 మార్చిలో సోషల్ మీడియా ఇక్కడ నిర్ణయాత్మక పాత్ర పోషించిందని స్పష్టంగా చెప్పారు. తాను పురమాయించిన అధ్యయనమే అదే ఏడాది నవంబరులో వేలెత్తి చూపాక, చేయవలసినంత చేయలేదని కంపెనీ కూడా ఒప్పుకుంది.

హైదరాబాద్ మణికొండలో ఉండి దీని గురించి రాయడానికి కారణం ఉంది. మర్రిచెట్టు జంక్షన్ నుంచి ల్యాంకో హిల్స్ దాకా, పుప్పాలగూడ నుంచి నార్సింగి దాకా ఈ అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళలో కోడ్ రాసేవారున్నారు, దాన్ని పరీక్షించేవారున్నారు, డేటాకు లేబుళ్ళు పెట్టేవారున్నారు, ఎవరో ఫిర్యాదు చేసిన పోస్టును చూసి ఉంచాలో తీసేయాలో సెకన్లలో తేల్చేవారున్నారు. ఫేస్‌బుక్ 2010లో భారతదేశంలో తన తొలి కార్యాలయం తెరిచింది హైదరాబాద్‌లోనే. జాతిహననం అనగానే మన కళ్ళముందు కత్తులు, కందకాలు, ముళ్ళకంచెలు కదులుతాయి. ఆ దృశ్యంలో ఆఫీసు కనిపించదు. కానీ దాని పనిలో పెద్ద భాగం హత్యలకు చాలా ముందే, ఆఫీసుల్లాంటి చోట్ల, నెల జీతానికి పనిచేసే మామూలు మనుషుల చేతులమీదుగా సాగిపోతుంది. ఆపగలిగే దశ కూడా అదే. అందుకే జాతిహననంపై అవగాహన ఎవరికన్నా ముందు ఈ ఐటీ కారిడార్‌కు కావాలి.

ఆ పని ఎలా సాగిందో చూడండి. 2013 దాకా మయన్మార్‌లో సిమ్ కార్డు సామాన్యుడికి అందని సరుకు. 2014లో టెలినార్, ఊరీడూ కంపెనీలు రావడంతో దాని ధర ఒకటిన్నర డాలరుకు దిగింది. ఫోను అమ్మే కుర్రాడే ఫేస్‌బుక్ వేసి చేతికిచ్చేవాడు. కోట్ల మందికి ఇంటర్నెట్ అంటే అదే అయింది. పత్రికా స్వేచ్ఛ అంటే ఏమిటో దశాబ్దాలుగా ఎరుగని దేశంలో, అబద్ధానికీ వార్తకూ తేడా చెప్పే వ్యవస్థ ఏదీ లేనిచోట, రాత్రికి రాత్రి ప్రతి చేతిలో ఒక ప్రచారయంత్రం వచ్చి పడింది. దాన్ని అందరికన్నా బాగా వాడుకున్నది సైన్యం. సినీతారల అభిమాన సంఘాల ముసుగులో పేజీలు తెరిచి, వేరే దేశాల శవాల ఫొటోలను రోహింగ్యాలు చేసిన హత్యలుగా చూపించింది. ఆ పనిలో 700 మంది దాకా ఉన్నారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

ఇంకో చిక్కు అక్షరాల్లోనే ఉంది. ప్రపంచమంతా యూనికోడ్‌కు మారుతున్నా బర్మీస్ ఫోన్లు జోజీ అనే ఫాంటుమీద నడిచేవి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు వ్యాసాన్ని వెబ్‌సైటుకెక్కించబోయి తలపట్టుకున్న డీటీపీ ఆపరేటర్లకు ఈ బాధ వివరించనక్కర్లేదు. మనిషి కంటికి అక్షరం కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అడ్డదిడ్డం గుర్తులే. ద్వేషాన్ని పట్టడానికి తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు అక్కడ చదువే రాలేదు. మయన్మార్ అధికారికంగా యూనికోడ్‌కు మారింది 2019 అక్టోబరులో. సాంకేతికంగా ఇది చిన్న లోపం. టికెట్ వేసి, ప్రాధాన్యం తక్కువని పక్కన పెట్టే రకం. మార్కెట్ చిన్నది కాబట్టి ఆ భాషకు మనుషులను పెట్టడం దండగ అని ఎవరో ఒకరు ఎక్కడో ఒక మీటింగులో లెక్క వేసి ఉంటారు. ఆ లెక్కలో దురుద్దేశం ఉండి ఉండదు. దాని పర్యవసానం మాత్రం దురుద్దేశం ఉన్నట్టే ఉంది.

అసలు ఫేస్‌బుక్ రాకముందే జాబితాలు సిద్ధమయ్యాయి. 1982 పౌరసత్వ చట్టం వచ్చాక మయన్మార్ 135 జాతులను గుర్తించింది, రోహింగ్యాలు అందులో లేరు. తరతరాలుగా రఖైన్‌లో దున్నుకుని బతుకుతున్న జనం ఒక్క చట్టంతో పరాయివాళ్ళయ్యారు. ఏటా అధికారులు ఇంటికొచ్చి, కుటుంబమంతటినీ వరసగా నిలబెట్టి ఫొటో తీసి, ఇంటి జాబితాతో సరిచూసేవారు. ఆ సమయంలో ఊళ్ళో లేనివాడి పేరు కొట్టేసేవారు. 2014 జనగణనలో రోహింగ్యా అని చెప్పుకోవడానికే వీల్లేకపోయింది. తాత్కాలిక గుర్తింపుగా మిగిలిన తెల్లకార్డులను 2015 మార్చి 31తో రద్దు చేశారు. దాంతో 2010లో ఓటు వేసినవారు 2015లో వేయలేకపోయారు. 2017లో ఇళ్ళకు నిప్పు పెట్టేనాటికి ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు కాగితాల మీద అప్పటికే లేరు.

ఇది మయన్మార్ కనిపెట్టిన పద్ధతి కాదు. 1933లో నాజీ జర్మనీ జనగణనను హాలరిత్ పంచ్‌కార్డు యంత్రాలతో లెక్కగట్టింది ఐబీఎం జర్మన్ అనుబంధ సంస్థ డెహోమాగ్. రువాండాలో బెల్జియం పాలకులు ప్రవేశపెట్టిన గుర్తింపు కార్డుల్లో హుటూ, టుట్సీ అని రాసి ఉండేది. 1994లో రోడ్డుకడ్డంగా దుంగలు వేసి నిలబడ్డ హంతకులు ముందు ఆ కార్డే అడిగారు. ఎవరిని చంపాలో ఆర్టీఎల్ఎం రేడియో చెప్పింది. వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మంది హతమయ్యారు.

పారిపోయినా రోహింగ్యాలను జాబితా వదల్లేదు. బంగ్లాదేశ్ శిబిరాల్లో రేషన్ కోసమని వేలిముద్రలు, కనుపాపలు నమోదు చేశారు. తర్వాత కనీసం 8,30,000 మంది వివరాలు మయన్మార్ ప్రభుత్వానికే చేరాయని, చాలామందికి ఆ సంగతే తెలియదని హ్యూమన్ రైట్స్ వాచ్ 2021 జూన్‌లో వెల్లడించింది. తిరిగి పంపేముందు సరిచూడటానికి అన్నారు. తమను తరిమినవాడి చేతికే తమ వేలిముద్రలు వెళ్ళాయని ఆ శరణార్థికి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. డేటా డిజైన్ చేసే ప్రతివారూ తెలుసుకోవలసిన ఉదంతం ఇది. ఏ గడి పెట్టాలి, ఏది పెట్టకూడదు, ఎన్నాళ్ళకు చెరిపేయాలి అన్నవి కొన్నిసార్లు ప్రాణాలకు సంబంధించిన ప్రశ్నలవుతాయి.

చట్టం కూడా ఈ ముందుదశను గుర్తిస్తుంది. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక జాతిహననం కింద ఐదు చర్యలు చెప్పింది. చంపడం వాటిలో ఒకటి మాత్రమే. ఒక సమూహం బతకలేని పరిస్థితులు కావాలని కల్పించడం, పుట్టుకలు అడ్డుకోవడం, పిల్లలను లాక్కోవడం కూడా అందులో ఉన్నాయి. ముప్పు ఉందని ఒక దేశానికి తెలిసినా, తెలిసి ఉండాల్సినా, అప్పటి నుంచే దాన్ని నివారించే బాధ్యత మొదలవుతుందని బోస్నియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో చెప్పింది. భారత్ ఈ ఒడంబడికను 1959లోనే ధ్రువీకరించింది. కానీ దాన్ని అమలుచేసే చట్టం ఈనాటికీ చేయలేదు. కొత్త భారతీయ న్యాయసంహితలో కూడా జాతిహననం అనే నేరం లేదు.

రోహింగ్యాల తరఫున చిన్న దేశం గాంబియా 2019 నవంబరులో హేగ్‌లోని ఆ న్యాయస్థానం తలుపు తట్టింది. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆంగ్ సాన్ సూకీ స్వయంగా వెళ్ళి సైన్యం తరఫున వాదించారు. 2020 జనవరిలో న్యాయస్థానం రక్షణ ఆదేశాలిచ్చింది. అమెరికా 2022 మార్చిలో జరిగింది జాతిహననమేనని ప్రకటించింది. అసలు వాదనలు 2026 జనవరికి గానీ మొదలు కాలేదు. ఈలోగా ఆ నాటి సేనాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ 2021లో దేశాన్నే చేజిక్కించుకున్నాడు.

ఇక మన హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్. ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళితే మణికొండకు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. 2012లో రఖైన్‌లో అల్లర్లు జరిగాక వచ్చిన రోహింగ్యాలు, తర్వాత వారి బంధువులు, రాయల్ కాలనీ, షాహీన్‌నగర్, కిషన్‌బాగ్ ప్రాంతాల్లో గుడిసెలు వేసుకున్నారు. ప్రైవేటు స్థలాల్లో రేకులు, టార్పాలిన్లు, వెదురు కర్రలు, వాటికే నెలనెలా అద్దె. మగవాళ్ళు ఎక్కువగా చెత్త ఏరతారు, తుక్కు సామాను దుకాణాల్లో, మాంసం యూనిట్లలో, అడ్డాకూలీలుగా పనిచేస్తారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు జేబులో ఉంటుంది. ఆ కార్డుతో బ్యాంకు ఖాతా తెరవలేరు. ఆధార్ తీసుకుంటే కేసు, తీసుకోకపోతే పదో తరగతి దాటిన పిల్లకు ఇంటర్ గగనం. ఈ నగరంలో ఆ జనం వేలల్లో ఉన్నారు. తెలుగు పాఠకుడికి మాత్రం పోలీసు వార్తగా తప్ప పరిచయం కాలేదు.

ఇక్కడ తెలుగువాళ్ళు గుర్తుచేసుకోవలసింది ఒకటుంది. ఉత్తరాంధ్రలో, గోదావరి తీరంలో మన తాతల కాలంలో బర్మా పోవడాన్ని ‘రంగం వెళ్ళడం’ అనేవారు. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కినవాళ్ళు రంగూన్ రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, ఐరావతి డెల్టాలో వరి కోశారు. కాకినాడ పక్కనున్న కోరంగి పేరుతో అక్కడ తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచారు. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీల వాళ్ళు వెంటనే బర్మీస్ కూలీలను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలి మనవాళ్ళు తిరిగి రాగానే బర్మీస్ వాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. తెలుగు కూలీలను వీధుల్లో, బసల్లో వెంటాడి నరికారు. వందమందికి పైగా పోయారు. ఓడల కంపెనీల దొరలు క్షేమంగా ఉన్నారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య పోటీ పెట్టి, ఆ పోటీకి జాతి పేరు తగిలించడం ఎంత తేలికో ఆ నెలలో తెలిసింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచిపెట్టారు. ఓడలో చోటు దొరికినవాళ్ళు కొద్దిమంది. మిగిలినవాళ్ళు కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో రాలిపోయినవారు పదివేలకు తక్కువ ఉండరని, ఇంకా చాలా ఎక్కువే ఉండొచ్చని అంచనాలున్నాయి. ఆ దారుల్లో ఒకటి ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, అక్కడినుంచి అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్‌కు వెళ్ళేది. ఆ అరకానే ఈనాటి రఖైన్. రోహింగ్యాలు 2017లో ఏ దిక్కుకు పరుగెత్తారో, అదే నేల మీదుగా అదే దిక్కుకు 75 ఏళ్ళ ముందు మన జనం నడిచారు.

మిగిలినవారి వంతు 1964లో వచ్చింది. నెవిన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది, మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేసింది. జీవితమంతా కూడబెట్టింది పోయి, కట్టుబట్టలతో ఓడ ఎక్కారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వెలిసిందే. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవారి కోసం కేంద్రం 1969లో రెప్కో బ్యాంకు పెట్టించింది. అప్పులిచ్చారు, ఇళ్ళ స్థలాలిచ్చారు. మన వాళ్ళపై జరిగింది జాతిహననం అనను. ఆ మాటను అంత వదులుగా వాడితే దాని బలం పోతుంది. జరిగింది వెళ్ళగొట్టడం. కానీ పరాయివాడని ముద్ర వేయడం, నోట్లు చెల్లవనడం, ఉన్నదంతా లాక్కుని పంపేయడం, ఈ మెట్లన్నీ ఒకే నిచ్చెనవి. బర్మా తెలుగువాడికి దిగడానికి విశాఖ రేవు ఉంది. రోహింగ్యాకు ఏ రేవూ లేదు.

రోహింగ్యాలను ఇక్కడ ఉంచుకోవడంపై అభ్యంతరాలున్నాయి, కొట్టిపారేయదగ్గవి కావు. భద్రతకు ముప్పు అని కేంద్రం అంటోంది. 2017 ఆగస్టులోనే అర్సా అనే రోహింగ్యా సాయుధ సంస్థ ఖా మౌంగ్ సెయిక్ ప్రాంతంలో 99 మంది దాకా హిందువులను ఊచకోత కోసిందని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తేల్చింది. ఆ చావులను ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. నేరం చేసినవాణ్ణి పట్టుకోవాలి, శిక్షించాలి. ఆ పని సాగాలంటే కూడా ప్రతి మనిషికీ నమోదు, చిరునామా, చట్టబద్ధమైన హోదా ఉండాలి. చీకట్లో దాక్కునేలా చేస్తే దళారికే లాభం, దొంగ ఆధార్ అమ్మేవాడికే లాభం. మన పేదలకే దిక్కు లేదన్న మాట కూడా వింటుంటాం. అడ్డా మీద కూలి పడిపోతోందంటే అది నిజమైన సమస్యే. హోదా లేని కూలీని తక్కువకు కుదుర్చుకునే యజమాని ఉన్నంతకాలం పక్కవాడి కూలి కూడా పడుతుంది. 1930 రంగూన్ రేవులో కూడా యజమానులు ఇలాగే ఒక పేదవాడి మీద ఇంకో పేదవాణ్ణి పోటీ పెట్టారు.

భారత్ 1951 శరణార్థి ఒడంబడికపై సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. అయినా 1959లో టిబెటన్లకు, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి, 1983 తర్వాత లంక తమిళులకు ఆశ్రయమిచ్చింది. మన కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్‌లో తూర్పు బెంగాల్ కుటుంబాలు స్థిరపడి తెలుగు నేర్చాయి. చట్టం లేకపోవడంతో ఎవరికి ఆశ్రయం, ఎవరికి నిర్బంధం అన్నది ఆనాటి ప్రభుత్వం మనసును బట్టి తేలుతుంది. ప్రాణహక్కు పౌరుడు కానివారికి కూడా ఉంటుందని సుప్రీంకోర్టు 1996లో చక్మా శరణార్థుల కేసులో చెప్పింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాలను నిర్ణీత పద్ధతి ప్రకారం పంపవచ్చంది. 2025 మేలో ఢిల్లీలోని సుమారు 40 మందిని అండమాన్ సముద్రంలో నౌక మీది నుంచి నీళ్ళలోకి దింపేశారన్న ఆరోపణలపై ఐక్యరాజ్యసమితి నిపుణుడు టామ్ ఆండ్రూస్ విచారణ మొదలుపెట్టారు. ప్రాణభయం ఉన్నచోటికి మనిషిని తిరిగి నెట్టకూడదన్నది సంతకంతో పనిలేని నియమం.

ఢిల్లీ చేయవలసింది ఢిల్లీ చేయాలి. ఇక్కడ చేయగలిగింది ఇక్కడ ఉంది. ఐరోపా సంఘం డిజిటల్ సేవల చట్టం ప్రకారం పెద్ద సోషల్ మీడియా కంపెనీలు, అక్కడి ప్రతి అధికార భాషకూ ఎంతమంది పరిశీలకులున్నారో లెక్క చెప్పాలి. ఐదు లక్షల చిల్లర మంది మాట్లాడే మాల్టీస్‌కు ఆ లెక్క వస్తుంది. 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్ల మంది మాతృభాష అయిన తెలుగుకు రాదు. మన 2021 ఐటీ నియమాలు నెలవారీ నివేదిక అడుగుతాయి, భాషల వారీగా మనుషుల లెక్క అడగవు. అడగాలి. ఒక మతాన్నో కులాన్నో పురుగులుగా, రోగంగా వర్ణించే తెలుగు పోస్టు సోషల్ మీడియాలో రోజూ తిరుగుతోంది. దాన్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఎంత వచ్చో, శ్రీకాకుళం యాస, హైదరాబాద్ యాస, ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగు ఏమాత్రం పట్టుబడుతున్నాయో ఈ కారిడార్‌లో పనిచేసేవారికే తెలుసు. లోపల మాట్లాడే అవకాశం ఉన్నవారు లోపల మాట్లాడాలి. అది వారి ఉద్యోగంలో భాగమే.

శరణార్థి చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదు. బడి, ఆస్పత్రి మాత్రం దాని చేతిలోనే ఉన్నాయి. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడిలో చేరడానికి వెళ్ళవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు పోవచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ కేసులో అంది. బాలాపూర్ పిల్లకు ఇంటర్ సీటుకు ఆధార్ బదులు శరణార్థి కార్డు, పదో తరగతి మెమో చాలని ఇంటర్ బోర్డు ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. దానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోగా ప్రభుత్వం ఆ సర్క్యులర్ ఇప్పించాలి.